ఆర్పి వెలిగించుటకు ముందు

ఈ కాలమున పట్టణములలో ఇంటింటను, పల్లెలలో సైతము అనేక గృహములయందును, గోడకు తగిలించిన చిన్న పెట్టె యొకటి కానవచ్చుచున్నది. దానికి రెండు మూడు కొమ్ములును, ముఖమున అయిదాఱు దీపములును ఉండును. కొందఱు దానిని రౌటరనియు, కొందఱు వైఫై యనియు, మఱి కొందఱు వట్టిగా 'నెట్టు బాక్సు' అనియు పిలుతురు. దీపములు పచ్చగా వెలుగుచున్నంత కాలము దానివంక చూచువారుండరు. అది పని మానినంతనే ఇంటిల్లిపాదియు దానిచుట్టు మూగుదురు. అంతట ఎవరో యొకరు 'ఒకసారి ఆపి మళ్లీ వేసి చూడండి' అందురు. పెద్దలు అదియే చెప్పుదురు, పిల్లలు అదియే చెప్పుదురు, కంపెనీవారికి ఫోను చేసినచో వారును అదియే చెప్పుదురు. మన కాలమునకు ఇది యొక మంత్రమైనది.

సంపాదకులు ఈ సంచికకు విజ్ఞాన సంబంధమగు వ్యాసమొకటి కావలెనని కోరిరి. నక్షత్రములను గూర్చియు పరమాణువులను గూర్చియు వ్రాయుటకు మాకంటె యోగ్యులు పలువురుండుటచేత మేము ఈ మంత్రమును గూర్చియే వ్రాయ నిశ్చయించితిమి. మంత్రము పని చేయదని మా వాదము కాదు. తఱచుగా చేయును. అయితే అది ఏల చేయునో, ఎప్పుడు చేయదో తెలియక దానినే జపించుచు కూర్చుండినచో, మా కాంపౌండులోని ఒక బాలికకు ఒక సంవత్సరపు చదువు నష్టమై యుండెడిది. ఆ సంగతి తరువాత చెప్పెదము.

రౌటరనునది మిక్కిలి చిన్న కంప్యూటరు. ఇంటిలోని ఫోనులకును, టెలివిజనుకును, ల్యాప్‌టాపునకును అది గడువు పెట్టి ఒక్కొక్క అంకెల చిరునామాను ఇచ్చును. పెక్కు ఇండ్లలో ఈ చిరునామాలు 192.168 అను అంకెలతో మొదలగును. ప్రతి యింటను ఒక బుజ్జియు ఒక చంటియు ఉండునట్లే ఈ అంకెలును ఇంటింటను ఉండును. గుమ్మము దాటినచో చెల్లవు. బయటి ప్రపంచమునకు సాధారణముగా ఇంటికంతటికిని ఒకటే చిరునామా. కావున లోపలినుండి ఎవరు ఏమి అడిగిరో, వచ్చిన ప్రత్యుత్తరము ఎవరికి చెందవలయునో, రౌటరు తన మెమరీలో ఒక పట్టిక వ్రాసికొనుచుండవలెను. రేయింబవళ్లు నెలల తరబడి ఇట్లు వ్రాయుచు కొట్టివేయుచు ఉండగా, దానిని నడపు ప్రోగ్రాములోని లోపముచేత ఒకప్పుడు పట్టిక నిండిపోవును, ఒకప్పుడు లెక్క తప్పును. విద్యుత్తు తీసివేసినచో ఆ మెమరీ యంతయు తుడుచుకొనిపోవును. ఇది పలక తుడిచి లెక్కను మొదటినుండి చేయించుట వంటిది. తప్పు ఎచ్చట దొరలినదో తెలియకపోయినను లెక్క సరిపడును. మంత్రములోని మహిమ ఇంతియే.

దానికిని ఒక పద్ధతి కలదు. మీట నొక్కిన వెంటనే మరల నొక్కరాదు. లోపలి కెపాసిటరులలో కొంచెము విద్యుత్తు నిలిచియుండును, అది కరగిపోవలెను. ముప్పది లెక్కించుట మంచిది. గాజుతీగ వచ్చి చేరు పెట్టెయు రౌటరును వేర్వేఱుగా నున్న యిండ్లలో మొదట గాజుతీగ పెట్టెను వెలిగించి, దాని దీపములు నిలకడకు వచ్చిన పిమ్మట రౌటరును వెలిగింపవలెను. ఆ మీదట అయిదు నిమిషములు దాని జోలికి పోరాదు. మా చిన్నవాడు రెండేసి నిమిషములకొకసారి ఆపి వేయుచుండుట చూచి మా తల్లిగారు, 'నాటిన మొక్కని వేరు పట్టిందా లేదా అని పీకి చూసినట్టుంది నాయనా' అనిరి.

పెట్టె వెనుకనో అడుగుననో సూదిబెజ్జమంత రంధ్రమొకటి కలదు. దానిపేరు రీసెట్టు. ఆపి వెలిగించుట వేఱు, ఇది వేఱు. ఆ రంధ్రమున పిన్నీసు గ్రుచ్చి కొన్ని సెకనులు నొక్కి పట్టినచో, కంపెనీవారు వచ్చి వ్రాసిపెట్టిన పేరు, రహస్యపదము మొదలగు సమస్తమును చెరిగిపోయి, పెట్టె తయారైన నాటి స్థితికి పోవును. పలక తుడుచుటకు మాఱుగా పాఠ్యపుస్తకమునే చించివేయుట యిది. మా వీధిలో ఒక గృహస్థుడు ఇట్లు చేసి మూడు దినములు నెట్టు లేకయుండెను. విద్యార్థులారా, మీ యింట నెవరైన పిన్నీసుతో రౌటరును సమీపించినయెడల ముందుగా ఆ పిన్నీసును దాచివేయుడు.

ఇంతవఱకు మంత్రమునకు స్తోత్రము. ఇక దానివలని కీడు. ఆర్పుటతో లెక్కలోని తప్పు మాత్రమే గాక, ఆ తప్పు ఎచ్చట జరిగినదో తెలుపు ఆనవాలు కూడ తుడుచుకొనిపోవును. ఏ దీపము ఎఱ్ఱనై యుండెను, ఏది మినుకుమినుకు మనుచుండెను అని పిదప నడిగినచో ఎవరును చెప్పలేరు. అంతకంటె పెద్ద కీడు మఱియొకటి. ఆర్పి వెలిగించి అంతయు సరిపడుటకు అయిదు నిమిషములు పట్టును గదా. ఆ అయిదు నిమిషములలో లోపము తనంత తానే తొలగిపోయినను కీర్తి మాత్రము ఆర్పినవానికి దక్కును. కాకి వ్రాలుటయు తాటిపండు రాలుటయు ఒక్కమాఱే జరిగినచో పండును కాకియే రాల్చెనని యనుకొందుము. తర్కము చదివినవారు దీనిని కాకతాళీయ మందురు. మా యింట కొన్ని వారములపాటు ఈ కాకి దినమునకు మూడు మాఱులు వ్రాలినది.

అసలు 'నెట్టు పోయినది' అను మాటయే మాకు నచ్చదు. వైద్యుని యొద్దకు పోయి 'ఒంట్లో బాగు లేదు' అని ఊరకుండుట వంటిదది. ఎచ్చట పోయినది? గోదావరి కృష్ణా డెల్టాలలో పుట్టిన పిల్లలకు ఇది వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆర్థరు కాటన్ దొరగారు 1847లో మొదలిడి 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్టను ముగించిరి. ఆనకట్ట కడనుండి పెద్దకాలువ, దానినుండి పిల్లకాలువ, దానినుండి పంటబోదె, బోదెనుండి మడి. మడికి నీరు రానియెడల రైతు తన బోదెనే పదిమాఱులు త్రవ్వుచు కూర్చుండునా? గట్టు వెంబడి ఎగువకు నడచును. నీరు ఎంతవఱకు వచ్చి ఎచ్చట ఆగినదో కన్నులార చూచును. గండి పడినదా, గుఱ్ఱపుడెక్క అడ్డుపడినదా, ఎవడైన తూము మూసెనా అని కనుగొనును. తన చేతిలోనిదైనచో తానే చక్కబఱచుకొనును. లస్కరు చేతిలోనిదైనచో లస్కరుతో పోయి చెప్పును. నెట్టు విషయమునను అట్లే ఎగువకు నడువవలెను. చేతిలోని ఫోను మడి, ఫోనునుండి రౌటరు వఱకు గాలిలో నడచు వైఫై బోదె, ఇంటినుండి కంపెనీవారి స్థానము వఱకు గాజుతీగ పిల్లకాలువ, ఆవలిది పెద్దకాలువ.

ఈ నడకకు కంప్యూటరులలో 'పింగ్' అను చిన్న సాధనము కలదు. సముద్రములో వస్తువుల జాడ తీయు సోనారు ధ్వనిని బట్టి దానికి ఆ పేరు పెట్టి, మైక్ మూస్ అను అమెరికా దేశీయుడు 1983 డిసెంబరులో దానిని వ్రాసెను. ఒక చిరునామాకు చిన్న కేక వేసి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చునో అది లెక్కించును. మొదట మన రౌటరునకే కేక వేయుదుము; దాని చిరునామా పెట్టె అడుగున చీటిమీద తఱచుగా వ్రాసియుండును. బదులు రానిచో లోపము మన యింటిలోనిదే. కంపెనీవారిని నిందించుట న్యాయము కాదు. రౌటరు పలికి, బయటనున్న 8.8.8.8 వంటి చిరునామా పలుకనిచో లోపము గాజుతీగలోనో దాని కావలనో కలదు. అంకెలు పలికి పేరులు మాత్రము పలుకనియెడల, పేరులను అంకెలుగా మార్చు ఏర్పాటు చెడినదని యర్థము. దీనిని డీఎన్ఎస్ అందురు. 1983లో పాల్ మొకాపెట్రిస్ అను నాయన దీనిని కల్పించెను. మనిషి ఊరిలోనే యున్నాడు గాని వాని యిల్లు చూపువాడు లేడన్నట్లుండును. ఈ మూడు కేకలు వేయుటకు రెండు నిమిషములు చాలును. మన తొమ్మిదవ తరగతి పిల్లలు ఒక్క పీరియడులో నేర్చుకొనిరి.

బోదెలోని అడ్డంకులు పెక్కుమాఱులు మనము పెట్టినవే. రౌటరును ఇనుప బీరువా వెనుకనో, నీళ్ల డ్రమ్ము ప్రక్కనో పెట్టుదురు. లోహము తరంగములను త్రిప్పికొట్టును. నీరు వానిని మ్రింగివేయును. మా తల్లిగారు టెలివిజనుకును కుట్టుమిషనుకును కప్పినట్లే దీనికిని నరసాపురపు లేసుగుడ్డ నొకదానిని కప్పిరి. గుడ్డ తరంగముల నడ్డగింపదు గాని వేడిని బయటికి పోనీయదు. మండువేసవిలో ఆ పెట్టెను ముట్టుకొన్న చేయి చుఱ్ఱుమనెను. ఆ లేసును పూలకుండీ క్రిందికి మార్చుటకు అమ్మగారిని ఒప్పించుట ఈ వ్యాసములోని సమస్త కార్యములలోను కష్టమైనది. ఇక తరంగములు మన పెట్టెలలో ముఖ్యముగా రెండు విధములు. 2.4 గిగాహెర్ట్జులవి దూరము పోవును, గోడలను కొంతవఱకు దాటును. కాని ఇరుగుపొరుగు రౌటరులన్నియు అచ్చటనే గుమిగూడును, మైక్రోవేవు పొయ్యియు ఆ దాపుననే పని చేయును. 5 గిగాహెర్ట్జులవి వేగము గలవి, సమ్మర్దము లేనివి. గోడ అడ్డమైనచో నీరసించును. మేమున్న పాత బంగళా గోడలు మూరెడు మందము. కావున రౌటరున్న గదిలో రెండవదియు, వసారాలో మొదటిదియు వాడుకొనుచున్నాము.

పిల్లకాలువ సంగతికి వచ్చుటకు ముందు వేల్సు దేశమున జరిగిన కథ యొకటి చెప్పవలెను. వేల్సు అనగానే మన సంఘములలోని పెద్దలకు 1904వ సంవత్సరపు ఉజ్జీవము స్ఫురించును. మేము చెప్పునది 2020లో పత్రికలకెక్కినది. పొవిస్ మండలమున అబర్‌హోసన్ అను కుగ్రామము కలదు. ఆ యూరిలో ప్రతిదినమును ఉదయము 7 గంటలకు బ్రాడ్‌బ్యాండు పోవుచుండెను. ఇట్లు 18 నెలలు జరిగెను. ఓపెన్‌రీచ్ కంపెనీ ఇంజినీరులు వచ్చి పరీక్షించిరి, తీగలు మార్చిరి, అయినను తెల్లవారి ఏడు కాగానే మరల అదే బాధ. ఆ గ్రామస్థులు ఎన్నిమాఱులు తమ పెట్టెలను ఆర్పి వెలిగించి యుందురో ఊహించుకొనవచ్చును. తుదకు ఇంజినీరులు విద్యుత్ తరంగముల అలజడిని కొలుచు యంత్రమును చేతబట్టి, తెల్లవాఱుజామున ఆఱు గంటలకే, కుంభవృష్టిలో వీధులవెంట తిరుగసాగిరి. సరిగా ఏడు గంటలకు యంత్రము చలించెను. దాని జాడ పట్టుకొని పోగా ఒక యింటిలోని పాత టెలివిజను కడకు చేరిరి. ఆ యింటివారు దినమును ఏడింటికి దానిని వేయుదురు. వేయగానే దానినుండి వెడలిన విద్యుత్ అలజడి రాగి తీగలలో దూరి ఊరంతటి నెట్టును చెఱచుచుండెను. సంగతి తెలిసి వారు సిగ్గుపడి, ఆ టెలివిజనును ఇక వేయమని మాట యిచ్చిరి. ఈ కథలో మమ్ము ఆకర్షించినది టెలివిజను కాదు, ఏడు గంటలు. లోపము తన వేళను తానే చెప్పుచుండెను. ఆ వేళకు వాన నైనను లెక్కింపక వీధిలో నిలుచుటకు మనుష్యులు కావలసివచ్చిరి.

ఆ యూరివి రాగి తీగలు. ఇప్పుడు మన పెక్కు ఇండ్లకు వచ్చుచున్నది గాజుతీగ. విద్యుత్ అలజడి దీని నేమియు చేయలేదు. దీని శత్రువులు వేఱు. వంపు, కోత, కోతి. మూడవది హాస్యమునకు వ్రాసినది కాదు. 2015లో వారణాసిలో గంగ యొడ్డున వేసిన ఫైబరు తీగలను కోతులు కొఱికివేయుచున్నవని వార్తలు వచ్చినవి. ఈ తీగలోని గాజు నూలు 125 మైక్రోమీటరులు, అనగా మిల్లీమీటరులో ఎనిమిదవ వంతు మందము. అందులో వెలుతురు నడచు నడిమి భాగము సుమారు 9 మైక్రోమీటరులు మాత్రమే. కంపెనీవారి స్థానమునుండి బయలుదేరిన ఒక్క నూలు దారిలో పాయలుగా చీలి, తఱచుగా 32 ఇండ్లకో 64 ఇండ్లకో వెలుతురును పంచును. రెండు పాయలైన ప్రతిమాఱును వెలుతురు సగమగును. ఇంత సన్నని ధారను ఎచ్చటనైన ఒక మేకునకు బిగించి వంచినచో వెలుతురు నూలులో నిలువక ప్రక్కకు కారిపోవును. పైగా ఆంధ్రప్రదేశములో ప్రభుత్వపు ఫైబరునెట్టు తీగలు సైతము చాలవఱకు విద్యుత్ స్తంభములమీదుగానే పోయినవి. తెలంగాణములో మిషన్ భగీరథ నీటిగొట్టముల కందకములలో ఫైబరునకు దారి చేసిరి. స్తంభములమీది తీగకు గాలియు వానయు చెట్టుకొమ్మలును నిత్యబంధువులు.

మా కాంపౌండులోని యిండ్లకును తీగ రోడ్డుమీది స్తంభమునుండియే వచ్చుచున్నది. 2024 మార్చిలో మా నెట్టు దినమును పోవ నారంభించెను. పది నిమిషములు పోయి వచ్చును, మరల పోవును. ఇంటిలో తలయొక సిద్ధాంతము. వోల్టేజి యనియు, పెట్టె పాతదనియు, ప్రక్కయింటివారు మన రహస్యపదమును దొంగిలించిరనియు. అప్పుడు మేము ఒక నలువది పేజీల నోటుపుస్తకమును దారముతో రౌటరు ప్రక్కన వ్రేలాడదీసి ఒక నియమము చేసితిమి. పుస్తకములో వ్రాయక ఎవరును మీట ముట్టరాదు. తేదీ, గంట, ఏ దీపము ఎట్లున్నది, మూడు కేకలలో ఏది పలికినది, బయట వాతావరణమెట్లున్నది, మనమేమి చేసితిమి. పిల్లలు రెండు దినములు ఉత్సాహముగా వ్రాసి మానిరి. నమ్మకముగా వ్రాసినది మా తల్లిగారే. ఆమె పగలంతయు వసారాలో కూర్చుండుటచేత అందఱికంటె ముందు ఆమెకే తెలియును. ఆమె వ్రాతలు క్లుప్తములు: 'నాలుగయింది. గాలి లేచింది. ఎర్ర దీపం.' మఱునాడు: 'గాలి. ఎర్ర దీపం.'

ఆ యెఱ్ఱ దీపము క్రింద ఎల్ఓఎస్ అని మూడక్షరములుండును. అది వెలిగినచో ఇంటికి గాజుతీగలో వెలుతురు చేరుట లేదని యర్థము. పలక తుడిచిన నేమి లాభము? పలకకు లెక్కయే రాలేదు. అయినను ఊహమీద ఆధారపడరాదని, ఒక దినము ఎఱ్ఱ దీపము రాగానే ఆర్పి వెలిగించితిమి. మఱునాడు ఏమియు చేయక ఊరక కూర్చుంటిమి. ఇట్లు దినము విడిచి దినము. నెట్టు తిరిగి వచ్చుటకు పట్టిన కాలములో భేదమేమియు కానరాలేదు. పైరగాలి వీచినంతసేపు పోవుచుండెను. రాత్రి ఎనిమిది దాటి గాలి పడిపోగానే నిలకడగా వచ్చుచుండెను. కాకి తోక ఆ పుస్తకములో మాకు చిక్కినది.

ఇప్పుడు ఆ బాలిక సంగతి. ఆమె తల్లి వసతిగృహములో వంట చేయును. బాలిక పదవ తరగతి పరీక్షలు వ్రాసి, పాలిటెక్నిక్ ప్రవేశపరీక్షకు దరఖాస్తు చేయుటకై ఏప్రిలు మొదట ఒక సాయంకాలము మా యింటికి వచ్చెను. ఆ దినమే కడపటి దినము. రుసుము రూపాయలను తల్లి కొంగున ముడివేసికొని ఆమెయు వెంట వచ్చెను. సగము నింపునప్పటికి ఆఱుగంటల ముప్పావు. వేపచెట్టు ఆకులు గలగలలాడినవి. ఎఱ్ఱ దీపము వెలిగినది. మా ఫోనులలో ఆ దినపు డేటా మధ్యాహ్నమునకే ముగిసెను, నెట్టు పోయినపుడెల్ల అందఱును వానిమీదనే పడిరి గనుక. మా చిన్నవాడు అలవాటు చొప్పున మీటవైపు చేయి చాచెను. మా తల్లిగారు పుస్తకము తెఱచి, 'ఇది ఎనిమిది దాకా రాదురా. ఎనిమిదికి నెట్టు సెంటరు మూసేస్తాడు' అనిరి. మంత్రమును ఒక్కమాఱు జపించుటకు అయిదు నిమిషములు. నాలుగు మాఱులు జపించి, కంపెనీకి ఫోను చేసి, వారు చెప్పిరని అయిదవమాఱు జపించినచో ఏడున్నర యగును. మేము ఆ క్షణమే లేచి, బాలికను తల్లిని ఆటోలో ఎక్కించుకొని బస్సుస్టాండు దగ్గఱి సెంటరునకు పోతిమి. అచ్చట ముందు నలుగురుండిరి. ఏడుగంటల ఇరువది నిమిషములకు రసీదు చేతికి వచ్చెను. తల్లి దానిని రెండుమాఱులు మడిచి బైబిలులో పెట్టుకొనెను. బాలిక ఇప్పుడు ఎలక్ట్రానిక్సు శాఖలో చదువుచున్నది.

ఇక కంపెనీవారు. వారికి ఫోను చేసినచో ఒక అమ్మాయి మిక్కిలి మర్యాదగా రౌటరును ఆపి వేయుమనును. ఆమెకు అప్పగించిన కాగితముమీద అదియే వ్రాసియుండును, ఆమెను తప్పుపట్టరాదు. తప్పు మఱియొక చోట ఉన్నది. మనిషిని పంపుదురు, అతడు ఉదయము పదింటికి వచ్చును. పదింటికి గాలి యుండదు, దీపములన్నియు పచ్చన. 'బాగానే ఉందండి' అని చెప్పి పోవును. ఫిర్యాదు పరిష్కరింపబడినదని మా ఫోనునకు వర్తమానము వచ్చును. ఇట్లు మూడుమాఱులు పరిష్కరింపబడినది. నాలుగవమాఱు వచ్చినవాడు ఇరువదేండ్ల కుఱ్ఱవాడు. అతనికి మజ్జిగ ఇచ్చి పుస్తకము చేతిలో పెట్టితిమి. అతడు నిలుచుండియే పేజీలు త్రిప్పి, 'మామ్మగారు రాసిందాండీ ఇది?' అని యడిగి, 'రేపు నాలుగింటికి వస్తానండి' అనెను. మాకు నమ్మకము చిక్కలేదు గాని అతడు వచ్చెను.

అతనియొద్ద వెలుతురును కొలుచు చిన్న యంత్రముండెను. తీగను పెట్టెనుండి విప్పి దానికి తగిలించెను. తీగ కొనలోనికి కంటితో చూడరాదని పిల్లలను దూరముగా నిలిపెను. ఆ వెలుతురు కంటికి కానరాదు గాని కంటికి హాని చేయగలదు. యంత్రము రుణము 19 చూపెను. మేము లెక్కల ఉపాధ్యాయులము కామైనను ఈ లెక్క మాకు నచ్చినది. ఈ కొలతలో 3 తగ్గినచో వెలుతురు సగమగును. 10 తగ్గినచో పదవ వంతగును. రుణము 27 దాపుల వఱకు పెట్టె చదువగలదట. అంతకు దిగువైనచో దానికి చీకటి. మేము అంకెలవైపు చూచుచుండగా గాలి వీచెను. 19 కాస్త 23 అయి, 29 అయి, మరల 20కి వచ్చెను. పది వంతులలో తొమ్మిది వంతుల వెలుతురు స్తంభమునకును ఇంటికిని నడుమ ఎచ్చటనో కారిపోవుచుండెను.

అంతట అతడు కలమువంటి ఎఱ్ఱ దీపమును మా యింటి తీగ కొనకు తొడిగి, నిచ్చెన వేసికొని స్తంభమెక్కెను. అచ్చట తీగలను కలుపు చిన్న పెట్టె కలదు. దాని మూత ఒక చెవి విరిగి, బైండింగు తీగతో కట్టబడి యుండెను. గాలికి మా తీగ ఊగినపుడెల్ల లోపలి సన్నని నూలును లాగి మూత అంచునకు నొక్కుచుండెను; నొక్కినపుడెల్ల ఆ యంచున ఎఱ్ఱని చుక్క యొకటి నిప్పుకణికవలె మెఱయుచుండెను. సందెచీకటి పడుటచేత క్రిందనున్న మాకును అది కనబడెను. మా చిన్నవాడు 'మామ్మా, అదిగో!' అని కేక వేసెను. ఆమెకు అంతదూరము చూపు ఆనదు. అయినను కనబడినదనియే చెప్పిరి.

నూలును విడదీసి, చుట్టను వదులుగా చుట్టి, మూత మార్చి, తీగను స్తంభమునకు వేఱుగా బిగించుటకు అతనికి ముప్పావుగంట పట్టెను. దిగివచ్చి పుస్తకములోని పేజీలను తన ఫోనులో ఫోటోలు తీసికొనెను, ఆఫీసులో చూపుటకట. ఆ స్తంభము క్రిందివే మఱి యైదు ఇండ్లవారు అదే నెలలో క్రొత్త రౌటరులు కొనిరని తరువాత తెలిసినది.

పుస్తకము ఇప్పటికిని దారమున వ్రేలాడుచున్నది. వానకాలములో రెండు మూడు ఎఱ్ఱ దీపములు తప్ప చెప్పదగినవి లేవు. ఒక్కటి మాత్రము తేలలేదు. కొన్ని వారములనుండి రాత్రి తొమ్మిది మొదలు పదిన్నర వఱకు నెట్టు పోదు గాని నత్తనడక నడచును. దీపములన్నియు పచ్చన. రౌటరు కేకకు రెండు మిల్లీసెకనులలో పలుకుచున్నది. బయటి చిరునామా పలుకుటకు రెండువందలు దాటుచున్నది. కావున బోదెలో లోపము లేదు. ఆ వేళకు ఊరంతయు సినిమాలు చూచుటచేత పెద్దకాలువయే చాలకున్నదని మా యనుమానము. అట్లయినచో ఆదివారపు రాత్రి మఱింత మందముగా నుండవలెను. పుస్తకమున ఆదివారములు తక్కిన దినములవలెనే యున్నవి. పదవ తరగతిలోని పిల్లల కెవరికైన కారణము తోచినచో, వచ్చి పుస్తకము చూడగోరినయెడల, సాయంకాలము నాలుగు దాటిన పిమ్మట మా తల్లిగారు వసారాలోనే యుందురు.